బర్రా షెడ్డులో రెండు ఛార్జర్లు

"ఛార్జర్ కొనడానికి నూట ముప్పై కిలోమీటర్లా?"
చేతిలోని ఫోన్ తీగ ఊపి చూపించింది వైదేహి.
ఎలిజబెత్‌లో బయల్దేరేసరికి ఇంకా చీకటే.
పక్క సీట్లో స్పైరో, వాడి ఒళ్ళో థర్మాసు,
జేబులో గుడ్డలో చుట్టిన అయస్కాంతం.

బర్రా దాటి మట్టిదారి పట్టాక
గేటు తీసిపెట్టి నిలబడి ఉంది గ్లెనిస్ ట్రెగెంజా.
"పదిహేడో వాళ్ళు మీరు.
అందరూ తట్టి చూస్తారు, వంగి చూస్తారు,
టీ తాగి వెళ్ళిపోతారు."

షెడ్డులో, ఉన్ని మూటల వెనక, రెండు.
డెబ్బై రెండు నాటి వాలియంట్ ఛార్జర్లు.
ఒకటి నారింజ. ఒకటి, ఒకప్పుడు, ఆకుపచ్చ.

నారింజ దాని ఒళ్ళు నిటారుగా ఉంది,
బానెట్ ఎత్తితే ఇంజను చోట పిచ్చుక గూడు.
ఆకుపచ్చ దానికి అన్నీ ఉన్నాయి:
ఆరు సిలిండర్లు, మూడు కార్బ్యురేటర్లు,
స్పానర్ వేసి లాగితే
మూలిగి అరచుట్టు తిరిగింది కూడా.
లేనిదల్లా అడుగు.
కార్పెట్ ఎత్తితే గడ్డీ గొర్రెల పెంటికలూ.

స్పైరో అయస్కాంతం నారింజ దాని తలుపుకి ఆనించాడు. పట్టింది.
జానెడు జరిపాడు. పట్టింది.
వెనక చక్రం పైకొచ్చేసరికి
జారి నేలమీద పడింది.
చిన్న చప్పుడే.
"ఈ చప్పుడు నాలుగు వేల డాలర్లు" అన్నాడు,
రంగు కింది లప్పాన్ని గోటితో గీకుతూ.

ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అన్నవాడు
ఏనాడూ ఏనుగుకి మేత కొనుండడు.
దాణా బిల్లు వెనక లెక్క వేశాం.
విప్పి అమ్మితే
అద్దాలు ఒకరికి, డాష్‌బోర్డు ఇంకొకరికి,
మూడు కార్బ్యురేటర్లు ఎవడడిగితే వాడికి,
పెట్టిన డబ్బు రెండు నెలల్లో చేతిలో.
బాగుచేస్తే
నాలుగేళ్ళు, నలభై వేలు, నా నడుం.

అవయవదానం లాంటిదే కదా అన్నాను.
"ఇనుమురా ఇది" అన్నాడు స్పైరో.
వాడు పుట్టిందే తుక్కు యార్డు వెనకింట్లో.
నేను పదకొండేళ్ళు తలుపులు బిగించాను
ఫ్యాక్టరీ మూతపడే దాకా,
రోజుకి రెండు వందల తలుపులు.
విప్పడం నాకెవరూ నేర్పలేదు.

"ఒక్కటే ఇస్తారా?"
"ఇవ్వను. డెన్‌జిల్ ఆకుపచ్చ దాన్ని నిలబెట్టాలనే
నారింజ దాన్ని కొన్నాడు.
తెచ్చాక దాని మీద రెంచి వెయ్యలేకపోయాడు.
సరే, దీన్నే నిలబెడదామని దాన్ని విప్పబోయాడు,
అదీ చేతకాలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు.
ఆదివారం ఆదివారం రెండు బానెట్లూ ఎత్తేవాడు,
కాసేపు చూసి, రెండూ దించేవాడు."
అన్న మీద కోపమో, ముద్దో, ఆ గొంతులో తెలియలేదు.
ఈగని తోలుకుంది.

అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చాను.
స్పైరో నా వంక చూడలేదు.
"ఇంతకీ ఏది ఉంచుతారు?" అంది నోట్లు మడుస్తూ.
"ముందు రెండూ కడగాలి" అన్నాను.
లెక్క ఆపేసింది.
"వాడూ సరిగ్గా ఇదే అన్నాడు" అని
కెటిల్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

తిరుగుదారిలో బండి స్పైరో నడిపాడు,
టార్లీ దాకా నోరు విప్పలేదు.
అక్కడ, గోధుమ గిడ్డంగి దగ్గర,
"రెండు నంబర్లలో రోడ్డెక్కేది ఒకటే, గుర్తుంచుకో" అన్నాడు.
అయస్కాంతం డాష్‌బోర్డు మీద
వచ్చేపోయే గతుకులకి ఇటూ అటూ.

వైదేహి మెసేజ్: దొరికిందా ఛార్జర్?
రెండు, అని కొట్టాను.
చెరిపి, ఒకటి, అన్నాను.
అదీ చెరిపాను.
గాలర్ వచ్చింది, సిగ్నల్ పడింది,
ఖాళీ పెట్టెలో గీత
కొట్టుకుంటూనే ఉంది.